ఎదురు కొలిమి

మా కొట్టుకు ఎదురుగా, రోడ్డవతల కొలిమి నడిపిన కమ్మరాయన పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. ఆ కబురు ఆయన భార్యే తెచ్చింది. నేను అప్పుడే షట్టరు ఎత్తి ప్లాస్టిక్ బకెట్ల దండ బయట తగిలిస్తున్నాను. ఆవిడ రోడ్డు దాటి వచ్చి, మెట్టు కింద నిలబడి, "మీ బాబాయి పోయాడమ్మా. నీతో చెప్పకపోతే బాగుండదని వచ్చా" అంది. ఈ ఇరవై రెండేళ్ళలో ఆవిడ రోడ్డు దాటి నా దగ్గరికి రావడం అది రెండోసారి. మొదటిసారి వచ్చింది నన్ను శపించడానికి.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ పని నా వల్ల కాదని ముందే చెప్పేస్తున్నాను. ఆయనంటే నాకు పడేది కాదు. నేనంటే ఆయనకు అసలే పడేది కాదు. ఆయన గొప్పవాడని మిమ్మల్ని నమ్మించాలని కూడా నాకు లేదు. కానీ ఆయనకు నేను చేసిన అన్యాయం ఒకటుంది, ఆయన వల్ల నాకు జరిగిన మేలు ఒకటుంది. రెండూ ఆయన ముఖాన ఒప్పుకుందామంటే ఆ వీలు ఆయన ఏనాడూ ఇవ్వలేదు. అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

నేను పుట్టింది పెదకాకానిలో. పెళ్ళయి ఈ ఊరొచ్చాక రెండేళ్ళు మిరపచేలో కలుపు తీశాను, పత్తి తీశాను. ఆ తర్వాత మా ఆయన్ని ఒప్పించి, రోడ్డు మీదున్న మా గొడ్లపాకను గదిగా మార్చి హార్డ్‌వేర్ కొట్టు పెట్టాను. మేకులు, గొళ్ళేలు, పీవీసీ పైపులు, మిరపకాయలు ఆరబోసే పట్టాలు, ఫ్యాక్టరీలో చేసిన పారలు, కొడవళ్ళు, గునపాలు. ఎదురుగా కొలిమి ఉందని తెలిసే పెట్టాను. పనిముట్ల కోసం రైతులు ఎలాగూ అక్కడికి వస్తారు, అటొచ్చినవాళ్ళు ఇటు చూడరా అనుకున్నాను.

కొట్టు తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టి ఇంకా హారతి పళ్ళెం దించలేదు. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, చెవి మీద చుట్ట ముక్క పెట్టుకుని ఆయన లోపలికొచ్చాడు. వరసగా నిలబెట్టిన గునపాల్లోంచి ఒకటి తీసుకుని రోడ్డు దాటిపోయాడు. ఇనుము పెట్టి కొట్టే దిమ్మె, దాన్ని దాగలి అంటారు, దాని మీద గునపాన్ని అడ్డంగా ఆనించి సమ్మెటతో ఒక్కటిచ్చాడు. గునపం అరటిపండులా వంగింది. తెచ్చి నా మెట్టు మీద పడేశాడు.

"ఏమ్మాయ్, ఇది గునపమా? దీంతో పెరుగన్నం కూడా తవ్వలేరు."

"వంచింది మీరు బాబాయ్. ఇప్పుడిదెవరు కొంటారు?" అన్నాను.

"ఎవడు బాబాయ్? నీతో వరసలు కలుపుకోవడానికి రాలా నేను."

వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా నేను బాబాయ్ అని పిలవడం మానలేదు. మర్యాద కోసం కాదు, ఆ పిలుపుకి ఆయనకు మండుతుందని.

ఆయన కొలిమిలో తుమ్మబొగ్గులు కాల్చేవాడు. గాలి మా వైపు తిరిగితే మసంతా నా తెల్ల పైపుల మీద వాలేది. పంచాయతీలో ఫిర్యాదు ఇచ్చాను. సెక్రటరీ వచ్చి, పొగ పైకి పోయేలా గొట్టం పెట్టమని చెప్పి వెళ్ళాడు. వారం తిరక్కుండా ఆయన రేకు గొట్టం చేసి నిలబెట్టాడు. ఆ పనితనం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. దాని మూతిని మాత్రం సరిగ్గా నా కొట్టు వైపు తిప్పాడు. మళ్ళీ వెళ్ళి చెబితే సెక్రటరీ, "పెట్టమన్న గొట్టం పెట్టాడుగా అమ్మా" అన్నాడు.

రోజూ పొద్దున్నే ఆయన బస్సులాగే చోటు నుంచి కాలవకట్ట దాకా తల వంచుకుని నడిచేవాడు. కొత్తవాళ్ళు చూస్తే ఏదో జపం చేసుకుంటున్నాడనుకుంటారు. రోడ్డు మీద పడ్డ బోల్టులు, ఎద్దుల నాడాలు, లారీల నుంచి ఊడిన నట్టులు ఏరుకునేవాడు. "దారిలో పడున్న ఇనుము దిక్కులేని చుట్టం. ఇంటికి తెచ్చుకోవాల" అనేవాడు. పాత లారీల స్ప్రింగు పట్టీలు తెచ్చి కొడవళ్ళు సాగగొట్టేవాడు. ఆయన భార్య పక్కన కూర్చుని గాలిచక్రం తిప్పేది. ముక్క ఎర్రబడగానే పట్టకారుతో పైకెత్తి, రోడ్డవతల ఉన్న నాకు వినబడేలా, "చూశావటే, ఇనుముకి సిగ్గుంటుంది. వేడి తగిలితే ఎర్రబడుద్ది. కొంతమంది మనుషులకి అదీ లేదు" అనేవాడు ఆవిడతో. ఆవిడ తల ఎత్తేది కాదు.

నా ప్లాస్టిక్ సామాను మీద ఆయనకు ఇంకా కోపం. ప్లాస్టిక్ పిడి ఉన్న కొడవలి కొన్న కూలీ ఆడమనిషిని ఒకసారి నడిరోడ్డు మీద ఆపాడు. "కర్ర విరిగేముందు కిర్రుమని అరుస్తుంది. ఇనుము వంగి చెబుద్ది. ఈ ప్లాస్టిక్కుకి నోరు లేదమ్మా. పుటుక్కుమన్నాకే నీకు తెలిసేది" అన్నాడు. ఆమె కొడవలి తెచ్చి నాకు వాపసిచ్చింది. ఆ రోజు ఆయన్ని నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆయన నన్నన్నవీ రాయలేను.

ఒక వేసవిలో పత్తిచేను లోతు దుక్కి చేయించిన రైతు ఒకాయన, అరచెయ్యంత రాయి తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. నల్లగా, నున్నగా, ఒక పక్క సన్నబడి ఉంది. "సానరాయికి పనికొచ్చుద్దా అమ్మా?" అని అడిగాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "రాయేగా, పారెయ్యండి" అన్నాను. ఎదుటి నుంచి ఆయన పట్టకారు పక్కన పడేసి రావడం కనబడింది.

"పారేసేదేంది? కళ్ళు లేవా నీకు?" రాయిని నా చేతిలోంచి లాక్కున్నాడు. బొటనవేలితో దాని అంచు నిమిరాడు. "ఇది గొడ్డలిరా. ఇనుము పుట్టకముందు గొడ్డలి. ఈ నునుపు ఊరికే వచ్చిందనుకుంటున్నారా? ఎన్నాళ్ళు కూర్చుని నూరితే వచ్చిందో!"

కొలిమి వెనక నుంచి తుమ్మకర్ర తెచ్చి, చివర చీల్చి, రాయిని అందులో దోపి పగ్గంతో బిగించి కట్టాడు. చేతి మణికట్టంత లావున్న కొమ్మను నరకడం మొదలుపెట్టాడు. చాలాసేపే పట్టింది. టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొమ్మ పడింది.

"ఏం పెద్దాయనా, ఈ గొడ్డలి చేసినోడెవడో నీకన్నా పాత కమ్మరోడు!" అన్నాడు రైతు.

"మా వంశంలో మొదటోడు" అన్నాడాయన. నవ్వులాటకు అనలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఒంటికి గుడ్డ కట్టుకోనోడు చేశాడమ్మాయ్ దీన్ని. ఇప్పటికీ నరుకుతోంది. నీ కొట్లో గొడ్డలి రెండు వానలాగుద్దా?"

అందరూ నవ్వారు. మీకు నిజం చెప్పాలంటే ఆ రాయి నన్ను చాలా రోజులు వదల్లేదు. బడిలో రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని చదువుకున్నప్పుడు, ఒక రాజు పోయి ఇంకో రాజు వచ్చినట్టు ఒకటి ముగిశాక ఒకటి వచ్చిందనుకున్నాను. మా రోడ్డు మీద చూస్తే ఏదీ ముగిసిపోలేదు. రాతిరోట్లో పచ్చడి నూరుకుని, ఇనప పెనం మీద అట్టు పోసుకుని, స్టీలు క్యారేజీలో సర్దుకుని, ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టుకుని మిరపకోతకు పోతున్నారు మనుషులు. ఆ మాట ఆయనతో చెబితే ఏమనేవాడో. అప్పుడు చెప్పే మనసు నాకు లేదు. అందరి ముందు నవ్వులపాలు చేశాడన్న కసి ఒక్కటే ఉంది.

ఆ కసితోనే వరికోతల ముందు కరెంటు సానచక్రం కొన్నాను. కొట్టు ముందు బిగించి, కొడవళ్ళకు ఉచితంగా సాన పడతామని బోర్డు రాయించాను. నా దగ్గర కొన్నవే కావాలని లేదు, ఎవరివైనా సరే. కొత్త కొడవలి ఏడాదికొకటి కొంటారేమో కానీ సాన మాటిమాటికీ కావాలి. ఆయన కొలిమిని ఏడాదంతా నిలబెట్టేది ఆ చిన్న పనే. అది తెలిసే చేశాను. పది రోజుల్లో ఎదుటి వైపు సమ్మెట చప్పుడు తగ్గిపోయింది. నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు, బాగా వేసింది.

ఆవిడ మొదటిసారి రోడ్డు దాటింది అప్పుడే.

"మా ఆయన నోటిదురుసు మనిషి, ఒప్పుకుంటా" అంది. "నోటికి నోటితో చెప్పు సమాధానం. కడుపు మీద కొట్టమాక అమ్మాయ్."

"వ్యాపారం పిన్నీ. ఎవరిష్టం వాళ్ళది" అన్నాను.

ఆవిడ తిరుగుతున్న చక్రం వంక కాసేపు చూసింది. "మా పొయ్యిలో నీళ్ళు పోశావు. నీ కొట్టు దుమ్ము కొట్టుకుపోను" అని వెళ్ళిపోయింది. మా ఆయన ఆ మాట విని, "తీసెయ్యవే ఆ చక్రం, మనకెందుకు ఉసురు" అన్నాడు. తీయలేదు. మూడేళ్ళు తిప్పాను.

మూడో ఏడు ఎండాకాలంలో ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన తన చేలో బోరు మోటారు పైకి తీయిస్తున్నాడు. పైపులు సగం పైకి వచ్చాక, వాటిని ఎత్తే గొలుసు కప్పీ కొక్కెం విరిగింది. ఇనప పైపు జారి బోరు మేస్త్రీ పాదం మీద పడింది. గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పాదంలో ఎముకలు నుజ్జయ్యాయన్నారు. ఆ కొక్కెం నా కొట్లో కొన్నది.

మర్నాడు పెద్ద రైతు ఇరవై మందిని వెంటేసుకుని నా కొట్టు ముందుకొచ్చాడు. మేస్త్రీ తమ్ముడు, భార్య కూడా ఉన్నారు. ఆమె ఏడవడం లేదు, నన్నే చూస్తోంది. "నాసిరకం సరుకమ్మి మనిషిని కుంటోణ్ణి చేసింది. కేసు పెట్టిస్తా, ఈ కొట్టు మూయిస్తా" అని రైతు అరుస్తున్నాడు. కొక్కెం మంచిదో కాదో నిజంగా నాకు తెలియదు. పెట్టెలో వచ్చింది, తీసి అమ్మాను.

"ఎందుకు గొడవ? ఇనుము సంగతి కమ్మరోణ్ణే అడుగుదాం" అన్నాడు రైతు. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అని ఊరందరికీ తెలుసు. అతని మూతి మీద నవ్వు కనబడింది. మా ఆయన నా చెవిలో, "అయిపోయింది మన పని" అన్నాడు.

ఆయన లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. విరిగిన రెండు ముక్కలూ తీసుకుని ఎండలోకి వెళ్ళాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు, వేలితో రుద్దాడు, మళ్ళీ చూశాడు.

"విరిగిన చోటు చూడండి" అన్నాడు చివరికి. "సగం తుప్పు పట్టి నల్లగా ఉంది. సగం తెల్లగా మెరుస్తోంది. తెల్ల సగం నిన్న విరిగింది. ఈ నల్ల సగం ఎప్పుడో పగిలింది. ఒక్క రోజులో లోపలికంటా తుప్పు రాదు." రైతు వైపు తిరిగి, "దీంతో ఏం లాగించావ్?" అని అడిగాడు.

మేస్త్రీ తమ్ముడే అన్నాడు: "పోయిన వానలకి నల్లరేగట్లో ట్రక్కు దిగబడితే ఈ కొక్కెం తగిలించేగా లాగింది."

"ఏందయ్యా, ఆమె తరఫున మాట్లాడతన్నావ్?" అన్నాడు రైతు.

"ఆగు. ఇంకా అయిపోలా." ఈసారి ఆయన నా వైపు తిరిగాడు. "ఇది పోత ఇనుము. కరిగించి మూసలో పోసి తీశారు. కాల్చి కొట్టి చేసింది కాదు. బరువెత్తే కొక్కేనికి ఇది పనికిరాదు. వంగి చెప్పదు, ఒక్కసారే విరుగుద్ది. తెలియకుండా అమ్మావు. తెలియనిదానివి కొట్టెందుకు పెట్టావ్? సగం తప్పు ఆయనది, సగం నీది. మేస్త్రీ లేచి నడిచేదాకా వాళ్ళిల్లు మీరిద్దరూ చూడాల. అంతే నాకు తెలిసింది."

ముక్కలు మేస్త్రీ భార్య చేతిలో పెట్టి కొలిమికి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. మేస్త్రీ ఆరు నెలలకు నడిచాడు, కొంచెం ఈడుస్తూ. కేసు లేదు, కొట్టు మూతపడలేదు.

జనం వెళ్ళాక మొదటిసారి నేనే రోడ్డు దాటాను. "బాబాయ్" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "నీ మీద జాలేసి చెప్పాననుకోమాక. ఇనుము మీద అబద్ధమాడితే రేపు దాన్ని ఏ మొహంతో కొట్టేది? పో, కొట్టు చూసుకో."

ఆ నిజం చెప్పి ఆయనే ఎక్కువ నష్టపోయాడు. పెద్ద రైతు తన కౌలుదార్లెవరూ ఆ కొలిమి గడప తొక్కకూడదన్నాడు. సాన పని ఎప్పుడో నేను లాక్కున్నాను. రోజుల తరబడి కొలిమి చల్లగా ఉండేది. ఆయన పాత పట్టకార్లకు నూనె రాసుకుంటూ కూర్చునేవాడు. నాకు కొట్లో కూర్చోబుద్ధయ్యేది కాదు. ఒకరోజు చక్రం ఆపేసి, బోర్డు తీసి లోపల పెట్టాను.

"ఏం, కరెంటు పోయిందా?" అని అటు నుంచి కేక.

"లేదు. ఆపేశా."

"పెట్టు. నీ ముష్టి నాకొద్దు."

"మీ కోసం కాదు బాబాయ్. చప్పుడికి నాకు తలనొప్పి" అన్నాను. అబద్ధమని ఆయనకు తెలుసు. కొడవళ్ళు మెల్లగా మళ్ళీ అటు నడిచాయి. ఆయన దాని మాట మళ్ళీ ఎత్తలేదు.

దాంతో మేం కలిసిపోయామనుకుంటారేమో. లేదు. అప్పటి నుంచి ఇంకో పీడ మొదలైంది. చీరాల నుంచి నాకు సరుకు దిగిందంటే చాలు, చిన్న సుత్తి పట్టుకుని వచ్చేవాడు. పిలవను, రమ్మనను. ప్రతి పారనీ, ప్రతి గొడ్డలినీ కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కంగుమంటే పక్కన పెట్టేవాడు. బొత్తుమంటే రోడ్డు మీదికి విసిరేవాడు. బస్సువాళ్ళు హారను కొట్టేవాళ్ళు. నేను అరిచేదాన్ని, ఆయన అంతకన్నా గట్టిగా అరిచేవాడు. "అమ్ముతావా ఇది? ఇంకో మేస్త్రీ కాలు కావాలా నీకు?" ఆయన విసిరినవన్నీ ఏరి కంపెనీకి వాపసు పంపేదాన్ని. కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళే మా ఊరికి మంచి సరుకు విడిగా కట్టడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, "ఆ కొట్లో కొంటే విరగదు" అని మనుషులు రావడం మొదలైంది. అది నా పేరుగా చెలామణి అయింది. ఆయన పేరు ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

నిరుడు కొలిమి దగ్గరే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి లోపల లోహపు కడ్డీ వేశారు. చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"వచ్చావా" అన్నాడు. "డాక్టరు టైటానియం అంటున్నాడు. అదేం ఇనుము?"

అన్నేళ్ళలో ఆయన తనకు తెలియక నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. ఫోనులో వెతికి చదివి చెప్పాను. ఇనుము కాదని, తేలికని, తుప్పు పట్టదని, విమానాల్లో వాడతారని.

"తుప్పు పట్టదా?" తుంటి తడుముకున్నాడు. "కొట్టి చూడకుండా ఒంట్లో పెట్టించుకున్నా. నీ కొట్లో సరుకు కొన్నోడికీ నాకూ తేడా లేదు" అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇంకేం పనిలేదా? కొట్టు ఎవరు చూస్తున్నారు?" అని పంపేశాడు.

మంగళవారం పాడె మీద ఆయన్ని చూశాను. స్నానం చేయించి కొత్తపంచె కట్టారు. చేతుల నలుపు మాత్రం వదల్లేదు. గోళ్ళ చుట్టూ, గీతల్లో అలాగే ఉంది. క్షమించమని లోలోపల అనుకుందామనుకున్నాను. అది కూడా ఒప్పుకోడనిపించింది. దండ వేసి పక్కకొచ్చాను. పిన్ని నా చెయ్యి పట్టుకోలేదు, నన్ను పొమ్మననూ లేదు.

ఒంగోలు వైపు గ్రానైటు ఫ్యాక్టరీలో రాయి కోసే వాళ్ళ కొడుకు నాలుగో రోజున దాగలిని పెకలించి ఆటోలో వేసుకెళ్ళాడు. దాన్ని నేలలోంచి లాగడానికి ముగ్గురు మనుషులు పట్టారు. అక్కడ మోకాలి లోతు గుంట మిగిలింది. నిన్న మధ్యాహ్నం వాన పడింది. మిరప పట్టాలు కప్పుకోవడానికి జనం పరుగులు పెడుతున్నారు. నేను కొట్టు గడపలో నిలబడి చూస్తున్నాను. యాభై ఏళ్ళుగా దెబ్బ దెబ్బకూ రాలి మట్టిలో కలిసిన ఇనుము పొట్టంతా నాని, ఆ గుంట ఎర్రగా నిండింది. నిండి పొర్లింది. ఎర్రటి నీళ్ళు సన్నగా తారురోడ్డు దాటి వచ్చి, నా మెట్టును తాకి ఆగాయి.